తాత వచ్చింది

"అమ్మా, తాత వచ్చింది!"

తిరుపతిలో దిగిన రెండో రోజు సాయంత్రం మా అబ్బాయి గేటు దగ్గర నిలబడి అరిచిన మాట ఇది. వరండాలో కూర్చున్న మా అన్న, వదిన, వాళ్ల పిల్లలు అందరూ ఒక్కసారిగా నవ్వారు. నేనూ నవ్వాను. వాడికి 13 ఏళ్లు. తాతకు 'వచ్చాడు' అనాలి, బస్సుకు 'వచ్చింది' అనాలి అన్న తేడా వాడి నోటికి ఇంకా పట్టలేదు. ఆ రాత్రి అన్నం దగ్గర మా నాన్న ఏదో అడిగితే వాడు పలకలేదు. తర్వాత గదిలోకి వెళ్లి ఏమైందిరా అంటే ఇంగ్లిష్‌లో చెప్పాడు: "మాట్లాడమని నువ్వే అంటావు. మాట్లాడితే నువ్వే నవ్వుతావు. ఇక ఇక్కడ తెలుగు మాట్లాడను."

అన్నట్టే ఆరు రోజులు ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదు.

మేముండేది పరాయి దేశంలో. అక్కడ మా ఇంట్లో రాత్రి భోజనం దగ్గర తెలుగే మాట్లాడాలన్న నియమం పెట్టింది నేను. పెరుగు కావాలన్నా తెలుగులో అడిగేదాకా గిన్నె జరపను. కానీ కోపం వస్తే నేను తిట్టేది ఇంగ్లిష్‌లోనే. వాడి టీచర్ ఎదురైతే వాడితో తెలుగులో మాట్లాడటానికి నా గొంతు తగ్గిపోతుంది. ఇదంతా వాడు చూస్తూనే ఉంటాడు. ఇక రెండేళ్లకోసారి తిరుపతి వస్తే ఆ బాకీ మొత్తం మూడు వారాల్లో తీర్చేయాలని నాకు ఆత్రం. ఈసారి కూడా విమానం ఎక్కకముందే టైంటేబుల్ రాసిపెట్టాను. పొద్దున గుణింతాలు, మధ్యాహ్నం వేమన పద్యాలు, సాయంత్రం చుట్టాల ఇళ్లు.

ఏడో రోజు సోమవారం. నాన్న మమ్మల్ని కపిలతీర్థం తీసుకెళ్లారు. ఎనిమిదేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న పెట్రోల్ కారు ఆయనది. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆ బండి సోమవారం గుడికి, మధ్యలో ఒకసారి కూరగాయలకు, అంతే. పోను రెండు మూడు కిలోమీటర్లు, రాను రెండు మూడు కిలోమీటర్లు. తిరిగి వచ్చేటప్పుడు ఇంజిన్ పైనుంచి టకటకమని శబ్దం, డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ బొమ్మతో ఎర్ర లైటు.

"అది అప్పుడప్పుడూ అట్లే వస్తా ఉంటాదిలే" అన్నారు నాన్న.

వెనక సీట్లోంచి మా వాడు ఇంగ్లిష్‌లో అరిచాడు. ఆపేయండి, ఇప్పుడే ఇంజిన్ ఆపేయండి అని. వాడికి కార్లంటే పిచ్చి, ఆ వీడియోలన్నీ చూస్తాడు. ఆ లైటు వెలిగిందంటే లోపల ఆయిల్ ప్రెషర్ లేదని, అలాగే నడిపితే కొన్ని నిమిషాల్లోనే బేరింగులు పోతాయని వాడు ఆపకుండా చెబుతుంటే నేను నాన్నకు తెలుగులో చెప్పాను. నాన్న రోడ్డు పక్కన ఆపేశారు. గేజ్ తీసి చూస్తే ఆయిల్ సరిపడా ఉంది. అయినా ప్రెషర్ లేదు.

బండిని కట్టి లాగించుకుని రేణిగుంట రోడ్డులో మాకు తెలిసిన షెడ్డుకు చేర్చాం. మెకానిక్ ట్యాపెట్ కవర్, అంటే ఇంజిన్ పైమూత, విప్పి పైకెత్తాడు. లోపల ఇనుము కనిపించలేదు. గానుగ కింద పేరుకున్నట్టు నల్లటి మడ్డి. మా వాడు వేలితో గీస్తే ఆ గీత పూడుకోకుండా అలాగే నిలబడింది. వాల్వులను తెరిచే ఇరుసు, క్యామ్ షాఫ్ట్, సగం అందులో మునిగి ఉంది.

"ఆయిల్ ఎప్పుడు మార్చినారు సామీ?"

"రెండేళ్లయింది. మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు కదా అని..."

అక్కడే వచ్చింది చిక్కు. మీ నాన్నకో మామయ్యకో ఇలా ఇంట్లో నిలబెట్టిన బండి ఉంటే ఇది చెప్పండి: తక్కువ తిరిగే బండికి కిలోమీటర్లు చూడకూడదు, నెలలు చూడాలి. తిరిగినా తిరగకపోయినా ఏడాదికి ఒకసారి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. పెట్రోల్ మండినప్పుడల్లా కొంత నీటి ఆవిరి, కొంత కాలని పెట్రోల్, మసి పిస్టన్ రింగులు దాటి కిందికి ఆయిల్‌లోకి దిగుతాయి. దూరం పోయే బండిలో ఇంజిన్ బాగా వేడెక్కి ఆ తేమ ఆవిరై బ్రీదర్ పైపు గుండా వెళ్లిపోతుంది. రెండు కిలోమీటర్లకే ఆపేస్తే ఎక్కడిది అక్కడే ఉండిపోతుంది. పాత ఆయిల్‌లో మురికిని విడగొట్టి తేల్చే రసాయనాలు అప్పటికే అయిపోయి ఉంటాయి, ఆయిల్ చిక్కబడి మడ్డి కడుతుంది. మా బండిలో ఆ బ్రీదర్ వాల్వ్ కూడా మూసుకుపోయి ఉంది.

ఇంజిన్ ఫ్లష్ డబ్బా పోస్తే సరిపోతుంది కదా అని మా వాడు నా చేత అడిగించాడు. పాత ఆయిల్‌లో కలిపి పది పదిహేను నిమిషాలు ఇంజిన్ నడిపి దించేస్తే శుభ్రమవుతుందని వాడి లెక్క. మెకానిక్ వాడి వైపు తిరిగి చెప్పాడు: "పల్చగా పట్టినదానికి పనికొస్తాది నాయనా. ఇంత మందం ఉంటే వద్దు. ఒక్కసారిగా కడిగితే పెళ్లలు పెళ్లలుగా ఊడి కిందికి పోతాది. అడుగున ఆయిల్ నిలిచే చాంబర్లో జాలీకి అడ్డం పడితే ఆయిల్ పైకి ఎక్కదు, ఇంజిన్ పట్టేస్తాది. చేత్తో తీసినంత తీసి, కొత్త ఆయిల్ పోసి, తొందర తొందరగా మారుస్తా పోవాల. మిగిలింది అదే కొంచెం కొంచెంగా కరిగి వస్తాది."

ఆయన చెప్పింది ఇంజిన్ గురించే. నాకు మాత్రం నా టైంటేబుల్ గుర్తొచ్చింది. ఆ రాత్రి దాన్ని చింపేశాను.

చింపేశాక కూడా నిద్ర పట్టలేదు. మెల్లగా చేయాలన్నమాట అని సర్దుకుంటుండగా ఇంకో అనుమానం మొదలైంది. ఈ పోలికలో మడ్డి ఏది? వాడి ఇంగ్లిష్ మడ్డి అని, కింద ఎక్కడో శుభ్రమైన తెలుగు బిడ్డ ఉన్నాడని అనుకుంటున్నానా ఇన్నాళ్లూ? ఆ ఇంగ్లిష్ మాటే కదా ఈరోజు నాన్న బండిని కాపాడింది.

ఇంకొకటి కూడా రాయాలి. ఇంటర్ అయ్యాక నేను హైదరాబాద్‌లో చదివాను. హాస్టల్లో నా 'వస్తా ఉండా', 'అట్లే', 'పోతాది' విని రూంమేట్స్ నవ్వేవాళ్లు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, ఇప్పటికీ స్నేహితులే. కానీ ఆరు నెలల్లో నా మాట మార్చుకున్నాను. ఇప్పుడు కావాలన్నా మా యాస నాకు సరిగ్గా రాదు. నాన్నతో మాట్లాడేటప్పుడు కూడా తెచ్చిపెట్టుకున్నట్టే ఉంటుంది. నవ్వితే ఏం పోతుందో తెలిసిన మనిషిని, నా కొడుకు నోరు తెరిస్తే నవ్వాను. వాడికి సారీ చెప్పాను. "ఊఁ" అన్నాడు, అంతే.

రెండు రోజులు షెడ్డులోనే ఉన్నాం. ఆయిల్ కిందికి పోయే రంధ్రాల్లో గుడ్డలు కుక్కి, అల్యూమినియం గీసుకుపోకుండా ప్లాస్టిక్ ముక్కతో మడ్డి గోకి తీశారు. చాంబర్ దించితే జాలీ ముప్పావు వంతు మూసుకుపోయి ఉంది. నేను ఫోన్ వచ్చి బయటికి వెళ్లి తిరిగి వచ్చేసరికి లోపల రెండు గొంతులు. "అన్నా, ఈ ప్యాకింగ్ మళ్లీ పెట్టాలా?" "లేదు నాయనా, అది కొత్తది వేయాల." మెకానిక్‌కు ఇంట్లో ఉర్దూ, షెడ్డులో తెలుగు, చెన్నై నుంచి కొండకు వచ్చే బండ్లవాళ్లతో తమిళం. మూడింట్లోనూ ఆగి, వెతుక్కుని, చేతులతో చూపించి మాట్లాడతాడు. మా వాడి తెలుగు తప్పులు ఆయనకు తప్పుల్లా వినిపించినట్టు లేదు. నేను లోపలికి పోకుండా బయటే నిలబడ్డాను. నేను వెళ్తే మాట ఆగిపోతుందని భయం.

కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేశాక స్టార్ట్ చేస్తే ఎర్ర లైటు వెంటనే ఆరిపోయింది. మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగి రమ్మన్నాడు, దూరం పోతేనే ఇంజిన్ వేడెక్కుతుందని. మా అన్న నడిపాడు. కాణిపాకం పోయాం, శ్రీకాళహస్తి పోయాం, తలకోన పోయాం. కాణిపాకం దారిలో బోర్డులు చదువుతూ, మనది చిత్తూరు జిల్లా అన్నావు కదా అని మా వాడు అడిగాడు. 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి వేరే జిల్లా అయిందని, నేనే ఇంకా పాత పేరు చెప్పుకుంటున్నానని చెప్పాను.

విమానానికి ముందు రోజు మళ్లీ షెడ్డుకు వెళ్లాం. మా వాడు బండి పక్కన బోర్లా పడుకుని ట్రే పట్టుకున్నాడు. మెకానిక్ డ్రెయిన్ బోల్టు వదులు చేశాడు. ఆయిల్ నల్లగానే ఉంది, కానీ సన్నటి ధారగా, గడ్డలు లేకుండా దిగింది.

"అమ్మా, వచ్చింది! పల్చగా వచ్చింది!"

నాన్న కర్ర ఆనించుకుని మెల్లగా వంగి ట్రేలోకి చూశారు.

"అవున్రా, పల్చగానే వచ్చింది" అన్నారు.