డాబా మీద రెండు గీతలు, ఒక దారం

పదకొండేళ్లుగా ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్తున్నాను. అందులో కనీసం ఎనిమిదేళ్లు పిల్లలకి ఒక తప్పు చెప్పాను, అదీ బల్ల గుద్ది మరీ చెప్పాను. ఆ సంగతి మొన్న మా మేనల్లుడి వల్ల బయటపడింది. వాడు బరంపురంలో బీఎస్సీ రెండో ఏడు చదువుతున్నాడు, పరీక్షల ముందు సెలవులిస్తే పర్లాకిమిడి వచ్చి మా ఇంట్లో మకాం పెట్టాడు.

మాది లెక్కల భాష కొంచెం కలగాపులగం. బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. పార్షియల్ డెరివేటివ్‌ని తెలుగులో పాక్షిక అవకలజం అంటారని, మహేంద్రతనయ ఏటికి అవతల, ఆంధ్రలో ఉన్న పాతపట్నం నుంచి ట్యూషన్‌కి వచ్చే కుర్రాడి పుస్తకంలో చూసేదాకా నాకు తెలీదు, అప్పటికి నాకు ముప్పయ్యేళ్లు దాటాయి. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటున్నాను కదా, నోటికొచ్చే మాటే రాస్తాను, ఫార్ములాల్లో కూడా ఎక్స్, వై అనే రాస్తాను, సర్దుకోండి.

ఆ రోజు సాయంత్రం వాడు నోట్సు పట్టుకొచ్చి, "మావయ్యా, సెకండ్ డెరివేటివ్ టెస్టులో సున్నా వచ్చేస్తే ఏటి చెయ్యాలి?" అన్నాడు. ఒక పాయింటు దగ్గర ఫంక్షను విలువ చుట్టుపక్కల కన్నా తక్కువా, అంటే మినిమమా, అని తేల్చే పద్ధతి అది.

నేను పేపర్లోంచి తలెత్తకుండా, "ఏముందిరా, ఆ పాయింటు మీంచి పోయే ప్రతి సరళరేఖ మీదా చూడు, అన్నిటి మీదా మినిమమ్ వచ్చిందంటే అది మినిమమే" అన్నాను. డిగ్రీలో మాకు చెప్పిన మాస్టారు అలాగే చెప్పారు, మేం కొనుక్కున్న గైడులో కూడా అలాగే ఉండేది. ఎవరి పేరూ చెప్పను, వాళ్లని అని లాభం లేదు, తిరిగి చూసుకోకుండా ఎనిమిది బ్యాచ్‌లకి అప్పజెప్పింది నేను.

"అలగైతే ఈ లెక్క సంగతేటి?" అని కాగితం ముందుకి తోశాడు. ఎత్తు = (వై − ఎక్స్²)(వై − 2ఎక్స్²). సున్నా దగ్గర, అంటే ఎక్స్, వై రెండూ సున్నా అయిన చోట, ఇది మినిమమా కాదా?

మొదట ఒక్క మాట. ఒకే వేరియబుల్ ఉన్నప్పుడు ఒక పాయింటు దగ్గరికి రావడానికి ఉన్నవి రెండే దిక్కులు, ఎడమ నుంచి, కుడి నుంచి, ఆ రెండూ చూసుకుంటే పని అయిపోతుంది. రెండు వేరియబుల్స్ వచ్చేసరికి మైదానంలో నిలబడ్డట్టే, ఎటు నుంచైనా రావచ్చు, తిన్నగా రావచ్చు, తూలుకుంటూ వంకర్లు పోతూ కూడా రావచ్చు. పార్షియల్ డెరివేటివ్, అంటే ఒక్క దిక్కునే పోతుంటే తగిలే వాలు, చెప్పేది అందులో రెండు రోడ్ల సంగతే, తూర్పు పడమరలు, ఉత్తర దక్షిణాలు. ఎక్స్‌వైని (ఎక్స్² + వై²)తో భాగించి, సున్నా దగ్గర విలువ సున్నా అని పెట్టుకోండి. ఆ రెండు రోడ్ల మీదా అది అంతటా సున్నాయే, కాబట్టి సున్నా దగ్గర రెండు పార్షియల్ డెరివేటివ్‌లూ ఉన్నాయి, రెండూ సున్నాయే. అయినా వై = ఎక్స్ అనే అడ్డదారిన వచ్చి చూడండి, సున్నాకి వెంట్రుకవాసి దూరం దాకా దాని విలువ సగమే (1/2) ఉంటుంది. డెరివేటివ్‌లు రెండూ ఉండి కూడా ఫంక్షను కంటిన్యుయస్ కాదు, అక్కడ తెగిపోతుంది! ఇది నాకు తెలుసు, చెప్పేవాణ్ణి కూడా. తెలిసి కూడా సరళరేఖలన్నీ చూస్తే చాలని ఎలా నమ్మానో ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది.

మళ్లీ వాడి లెక్కకి. ఎక్స్‌తో రెండుసార్లు తీస్తే సున్నా దగ్గర సున్నా, ఎక్స్‌తో ఒకసారి వైతో ఒకసారి తీసినా సున్నా, వైతో రెండుసార్లు తీస్తే 2. వాటితో టెస్టు అడిగే డిటర్మినెంటు (0 × 2 − 0²) సున్నా, టెస్టు చేతులెత్తేసింది. సరే, నా పద్ధతి. వై = ఎం ఎక్స్ అని (ఎం అంటే ఆ సరళరేఖ వాలు) పెడితే ఎం²ఎక్స్² − 3ఎంఎక్స్³ + 2ఎక్స్⁴ వస్తుంది, ఎక్స్ బాగా చిన్నదైతే మొదటి పదానిదే పెత్తనం, అది ఎప్పుడూ పాజిటివే. ఎం సున్నా అయితే మిగిలేది 2ఎక్స్⁴, అదీ పాజిటివే. నిలువు రోడ్డు మీద వై². అన్ని దారుల్లోనూ మినిమమే.

"అయిపోయింది కదా" అన్నాను.

"వై = 1.5 ఎక్స్² అని పెట్టు మావయ్యా" అన్నాడు.

పెట్టాను. ఎక్స్ 0.1, వై 0.015. మొదటి బ్రాకెట్టు 0.005, రెండోది మైనస్ 0.005, గుణిస్తే మైనస్ 0.000025. సున్నా కన్నా కింద. ఎక్స్ ఇంకా తగ్గించినా అంతే, మైనస్ పావు ఎక్స్⁴, ఎంత దగ్గరికి పోయినా కిందే. ఇంకెక్కడి మినిమమ్!

కాగితం మీద లెక్క ఒప్పుకున్నాను గానీ మనసు ఒప్పుకోలేదు. ప్రతి దారీ పైకే పోతున్నప్పుడు పల్లం ఎక్కడ దాక్కుంది? ఇద్దరం సుద్దముక్క పట్టుకుని డాబా ఎక్కాం. నడిమధ్యన ఒక చుక్క, దాని నుంచి మీటరు కొలతతో రెండు పారాబొలాలు గీశాం, ఒకటి ఎక్స్², ఇంకోటి 2ఎక్స్². రెండూ చుక్క దగ్గర ఒకదాన్నొకటి తాకి, అడ్డంగా మీటరు దూరం పోయేసరికి ఒకదాని వై ఒక మీటరు, ఇంకోదాని వై రెండు మీటర్లు ఉంటాయి. ఆ రెండింటి నడుమ ఉన్న పట్టీ పంటకాలవలా ఉంది, ఎత్తు మైనస్‌లో ఉండేది ఆ కాలవలోనే, మిగతా డాబా అంతా పైనే. అప్పుడు మా అక్క కుట్టుమిషను దారపు ఉండ తెచ్చి, ఒక కొస చుక్క మీద వేలితో నొక్కి పట్టి, రెండో కొస లాగి ఒక్కో వాలులో పెట్టి చూశాం.

వాలు 1 అయితే దారం, అడ్డంగా కొలిస్తే, అర మీటరు దాకా కాలవ బయటే ఉంది, ఆ తర్వాత పడింది. వాలు 0.1 అయితే ఐదు సెంటీమీటర్లకే పడింది. 0.01 అయితే అర సెంటీమీటరు, అంటే మా సుద్దగీత మందం, అక్కడ దారం ఏదో కాలవ ఏదో కళ్లజోడు పెట్టుకున్నా తెలీలేదు. లెక్క చూస్తే సరిగ్గా అదే, దారం కాలవలోకి దిగేది ఎక్స్ = ఎం/2 దగ్గర. ప్రతి దారికీ పడిపోకుండా కొంత దూరం ఉంది, అందుకే ప్రతి దారీ విడిగా అడిగితే "నా వరకు మినిమమే" అంటుంది. కానీ అన్ని దారులకీ కలిపి ఇంత అని చెప్పే ఉమ్మడి దూరం లేదు, వాలు తగ్గేకొద్దీ అది సున్నాకి జారిపోతుంది. మినిమమ్ అంటే అడిగేది ఆ ఉమ్మడి దూరమే, చుక్క చుట్టూ చిన్నదో పెద్దదో ఒక వలయం, దాని లోపల ఎక్కడా పల్లం ఉండకూడదు. దీని డెఫినిషన్ నేను వందసార్లు బోర్డు మీద రాసి ఉంటాను. అందులో వలయం ఎందుకుందో డాబా మీద మోకాళ్ల మీద కూచున్నప్పుడు గానీ తలకెక్కలేదు.

ఆ లెక్క పెయానోది. ఇటలీలో ట్యూరిన్‌లో పాఠాలు చెప్పినవాడు. 1884లో తన గురువు జెనోకీ పేరు మీద ఒక కాల్క్యులస్ పుస్తకం తెచ్చాడు, రాసిందంతా ఈయనే, అది నాది కాదు మొర్రో అని ఆ గురువు చెప్పుకోవలసి వచ్చింది. అందులో అప్పటి పేరున్న పుస్తకాల్లోని తప్పుల్ని ఇలాంటి లెక్కలతో ఎత్తిచూపించాడు. అంటే మా గైడు చేసిన పొరపాటు అంతకు ముందే పెద్ద పెద్దవాళ్లు చేసి ఉన్నారు. ఇది చదివాక ప్రాణం కాస్త కుదుటపడిందని ఒప్పుకోవాలి.

మావాడికి రెండో చిక్కు ఇంప్లిసిట్ ఫంక్షన్లు, అంటే వై ఇంత అని విడిగా రాయకుండా, ఎక్స్, వై ఒకే సమీకరణంలో కలిసిపోయి ఉండేవి. అది ఇక్కడే ఉందని వాడికి తట్టలేదు, నాకు మాత్రం మర్నాడు పొద్దున్న టీ తాగుతుంటే తట్టింది. విషయం ఇది: వై⁵ + వై = ఎక్స్ అనుకోండి. ఇందులోంచి వైని ఊడబెరికి, వర్గమూలాలూ ఘనమూలాల్లాంటి వాటితో ఫార్ములా రాద్దామంటే కుదరదు. కానీ ఎక్స్ 2 అయితే వై 1 అని కనిపిస్తూనే ఉంది. ఆ చోట వాలు ఎంత? రెండు పక్కలా ఎక్స్‌తో డెరివేటివ్ తీస్తే (5వై⁴ + 1) ఇంటూ వాలు = 1, అంటే వాలు ఆరో వంతు. కాబట్టి ఎక్స్‌ని 2.06 చేస్తే వై సుమారు 1.01 అవ్వాలి. వెనక్కి పెట్టి చూడండి, 1.01కి ఐదో ఘాతం 1.05101, దానికి 1.01 కలిపితే 2.06101. ఫార్ములా లేకుండానే పని జరిగిపోయింది.

ఇలా చేసుకోవచ్చని ఎవరు హామీ ఇచ్చారు? ఇంప్లిసిట్ ఫంక్షన్ థియరం. పీసా యూనివర్సిటీలో డీనీ అనే ఆయన 1877-78 పాఠాల్లో దాన్ని రుజువుతో సహా చెప్పాడు, ఇటలీలో ఇప్పటికీ డీనీ థియరం అనే అంటారు. ఫంక్షను నునుపుగా ఉంటే అది పెట్టే ముఖ్యమైన షరతు ఒకటే, వైతో తీసిన పార్షియల్ డెరివేటివ్ అక్కడ సున్నా కాకూడదు. సున్నా కాకుండా ఉంటే ఆ చుట్టుపక్కల ప్రతి ఎక్స్‌కీ ఒకే ఒక్క వై. పిల్లలు ఈ షరతుని పరీక్షలో ఒక లైను రాసి వదిలేస్తారు. మా డాబా మీద గీతలు చూడండి: ఎత్తు = సున్నా అయ్యే చోట్లు ఆ రెండు పారాబొలాలే. చుక్క దగ్గర వైతో డెరివేటివ్ 2వై − 3ఎక్స్², అంటే సున్నా, షరతు చెడింది. చెడిందని కంటికి కనిపిస్తూనే ఉంది, చుక్కకి ఎంత దగ్గరగా ఎక్స్ తీసుకున్నా దానికి రెండేసి వైలు, ఒకటి కాలవ ఈ గట్టు మీద, ఒకటి ఆ గట్టు మీద. షరతు చెడిన ప్రతిచోటా ఇలాగే చీలుతుందని కాదు, వై³ = ఎక్స్‌లో సున్నా దగ్గర షరతు చెడినా వై ఒక్కటే ఉంటుంది, కాకపోతే వాలు నిలువుగా లేచిపోతుంది.

లగ్రాంజ్ మల్టిప్లయర్ల గురించి, అంటే ఒక షరతుకి లోబడి ఎక్కువో తక్కువో వెతికే పద్ధతి గురించి, ఎక్కువ చెప్పను, అది వాడికి బాగానే వచ్చు. కొండ మీద పోయే దారిలో అన్నిటికన్నా ఎత్తైన చోట దారి కాంటూరు గీతకి (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత) తాకుతూ పోతుంది గానీ దాన్ని కోసుకుని పోదు, కోసుకుని పోతే ఒక పక్క ఇంకా పైకి ఎక్కొచ్చు కదా. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కినవాళ్లకి ఇది కాళ్లకే తెలుసు. అయితే ఆ పద్ధతిలో వచ్చే మల్టిప్లయరు, లాంబ్డా, అంటే ఏమిటో వాడికి ఎవరూ చెప్పలేదట, తేల్చేసి పక్కన పడేసే అక్షరం అనుకుంటున్నాడు. మూతలేని బియ్యం డబ్బా, 12 చదరపు అడుగుల రేకు, ఎక్కువ బియ్యం పట్టాలి. జవాబు రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగు ఎత్తు, 4 ఘనపుటడుగులు, లాంబ్డా 0.5. ఆ 0.5 అంటే ఇంకో చదరపు అడుగు రేకు కొంటే డబ్బాలో సుమారు అర ఘనపుటడుగు పెరుగుతుందని. 13తో మళ్లీ మొత్తం లెక్క చేయించాను, 4.51 వచ్చింది. రేకు కొట్టువాడు చెప్పే ధర చూసుకుని కొనాలా వద్దా తేల్చుకోవడానికి పనికొచ్చే అంకె అది, దాన్ని పక్కన పడేస్తే ఎలా?

కానీ దీని అడుగున ఉన్నది కూడా డీనీ షరతే. వై³ = ఎక్స్² అనే దారి మీద వై ఎక్కడ అన్నిటికన్నా తక్కువ? బొమ్మ గీస్తే చంటిపిల్లాడు కూడా సున్నా మీద వేలు పెడతాడు, అక్కడ దారి ముల్లులా మొనదేలి ఉంటుంది. లగ్రాంజ్ సమీకరణాలు పెట్టండి, 1 = సున్నా అని వస్తుంది, జవాబే లేదంటుంది. ఎందుకంటే ఆ మొన దగ్గర దారి డెరివేటివ్‌లు రెండూ సున్నా, తాకే గీత ఎటు పోవాలో చెప్పే దిక్కు లేదు. పరీక్షలో ఇలాంటిది ఇస్తే సమీకరణాలు సాల్వ్ చేసి "మినిమమ్ లేదు" అని రాసి వచ్చేస్తారు. నేనైతే రాసి ఉండేవాణ్ణి.

మావాడు నిన్న బరంపురం బస్సెక్కాడు. వాడు వెళ్లాక పాత బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపులో డాబా ఫొటో పెట్టి, అప్పట్లో సరళరేఖలన్నీ చూస్తే చాలని చెప్పాను, అది తప్పు, చాలదు అని రాసి, పెయానో లెక్క కూడా పెట్టాను. చాలాసేపు ఎవరూ పలకలేదు. రాత్రి పది దాటాక ఒకడు, ఇప్పుడు రాయగడలో బ్యాంకులో ఉన్నాడు, "సార్, మరి అప్పుడు నాకు పోయిన ఐదు మార్కులు?" అని అడిగాడు.