వెల్లకిలా వేసినా లేచే బాతు

జడ్జి ఆ చెక్క బాతును వెల్లకిలా తిప్పి నీళ్లతొట్టిలో వదిలేశాడు. అయ్యో, ఎన్ని రోజులు కూర్చుని చెక్కాడో పాపం అనుకునేలోపే అది ఒక్క పొర్లు పొర్లి, అటూ ఇటూ ఊగి, ఏమీ ఎరగనట్టు తేలింది. చెక్కినాయన ముఖం చూడాలి, పదో తరగతి రిజల్ట్ వచ్చినట్టు!

అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో, ఓషన్ సిటీలో చెక్కతో పక్షుల్ని చెక్కేవాళ్ల పోటీ, వార్డ్ వరల్డ్ చాంపియన్‌షిప్ ఇది, 1971లో మొదలైంది. మేరీలాండ్‌లోనే ఉంటూ ఇప్పుడా చూడ్డం అని అడక్కండి.

వేట బాతులంటే నిజం బాతుల్ని కిందికి రప్పించడానికి వేటగాళ్లు నీళ్ల మీద వదిలే చెక్క బాతులు. ఆ విభాగంలో అందం ఒక్కటే చాలదు, తిరగబడ్డా లేచేలా అడుగున బరువు సరిగ్గా కుదరాలి. రంగులు దగ్గర్నుంచి కాస్త మొరటుగా అనిపించాయి గానీ నాలుగడుగులు వెనక్కి వేస్తే ప్రాణమున్న బాతే. నమ్మించి దించాల్సింది పైన ఎగిరే బాతుని కదా, మనల్ని కాదు.

ఈ పోటీకి ఎవరి పేరు పెట్టారో ఆ వార్డ్ అన్నదమ్ములు లెమ్, స్టీవ్ ఇద్దరూ ఇదే రాష్ట్రంలోని క్రిస్‌ఫీల్డ్‌లో బార్బర్లట. క్షవరాలు చేసుకుంటూనే ఇలాంటి బాతులు చెక్కారు!

నాకు మాత్రం పుల్లకి గుచ్చి ఇసుకలో నిలబెట్టే చెక్క ఉల్లంకి పిట్టలే (నీటి ఒడ్డున తిరిగే పిట్టల బొమ్మలు, ఇవీ వేటకి ఎరలే) నచ్చాయి, పొడుగు ముక్కు, సాదా రంగు, అంతే. 1918 నాటి వలస పక్షుల చట్టంతో ఇక్కడ చాలా రకాల ఉల్లంకుల వేట ఆగిపోయింది, చెక్కడం మాత్రం ఆగలేదు.

ఒకటి కొందామని రేటు అడిగాం. అడిగి, మా ఆవిడా నేనూ మెల్లగా పక్క టేబుల్‌కి జరిగాం.