రాత్రి దిగని బీపీ

ఎడమ జబ్బకు కట్టిన పట్టీ అరగంటకోసారి బుస్సుమంటూ గాలి నింపుకుని బిగుసుకుంటోంది. కాసేపు పట్టి ఉంచి మెల్లగా వదులుతోంది. నడుముకు తగిలించిన చిన్న పెట్టె ఆ లెక్కలన్నీ రాసుకుంటోంది. రాత్రీ పగలూ బీపీ కొలిచే యంత్రం అది. "ఈ ఒక్క రాత్రీ ఇంట్లో హాయిగా పడుకుంటే ఏం తెలుస్తుంది? రోజూ ఎక్కడ పడుకుంటారో అక్కడే పడుకోండి" అన్నారు భీమవరంలో డాక్టరుగారు. అందుకే ఆ రాత్రి కూడా చెరువు గట్టు మీదే మంచం వేసుకున్నాను.

పదకొండేళ్లుగా వనామీ రొయ్యలు పెంచుతున్నాను. పగలు చెరువు నీటిలోని నాచు ఎండకు ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక ఆ నాచూ, రొయ్యలూ, అడుగున కుళ్లుతున్న మేతా కలిసి దాన్ని వాడేసుకుంటాయి. తెల్లవారే ముందు అది బాగా తగ్గిపోతుంది. సరిగ్గా ఆ వేళకు కరెంటు పోయి, నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే, జనరేటర్ అందుకునేలోపే రొయ్యలు తేలిపోతాయి. మాకు ఒకసారి అలాగే జరిగింది. నాలుగు నెలల కష్టం, దాని మీద తెచ్చిన అప్పు, అన్నీ తెల్లారేసరికి గట్టు మీద కుప్పగా ఉన్నాయి. అప్పటినుంచి ఏరేటర్ల చప్పుడు ఆగితే మెలకువ వస్తుంది. ఆగకపోయినా వస్తుంది, ఆగిందేమోనని.

మర్నాడు కాగితం చేతికిచ్చారు. పగటి సగటు 132/82. ఫరవాలేదనుకున్నాను. డాక్టరుగారు కింది వరుస మీద వేలు పెట్టి చూపించారు. రాత్రి సగటు 129/80. నిద్రలో బీపీ పగటికన్నా పది నుంచి ఇరవై శాతం తగ్గాలి, నాకు రెండు శాతమే తగ్గింది. "మీరు పడుకుంటున్నారు కానీ మీ రక్తనాళాలు పడుకోవడం లేదు" అన్నారు. పగటిపూట ఆసుపత్రిలో ఎన్నిసార్లు కొలిపించుకున్నా ఈ సంగతి బయటపడేది కాదు.

బెదురు పుట్టగానే ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుంది, గుండె వేగం పెరుగుతుంది, బీపీ లేస్తుంది. గట్టుకు గండి పడితే పరుగెత్తడానికి ఆ ఊపు కావాలి. పరుగు అయ్యాక అది దిగాలి. నెలల తరబడి దిగకపోతే దెబ్బ తగిలేది నాళం లోపలి పొరకు. ఎండోథీలియం అంటారు, మందం ఒక్క కణమే. నాళమంటే ఉత్త గొట్టమని నేను అనుకునేవాడిని. కాదు, ఆ పొర బతికున్నది. అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేసి, చుట్టూ ఉన్న కండరాన్ని సడలిస్తుంది. ఈ సంగతి తేల్చిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. మా పెదనాన్నగారు గుండెనొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే మాత్ర పనిచేసేదీ ఆ దారిలోనే.

ఒత్తిడి విడవకపోతే ఆ పొర నీరసిస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది, నాళం సరిగ్గా సడలదు. తెల్లరక్తకణాలు గోడకు అతుక్కుంటాయి, వాటితోపాటు కొవ్వు గోడలోకి చేరుతుంది. గోడ బిరుసెక్కుతుంది. అలాంటి నాళాల్లోకి రక్తాన్ని నెట్టీ నెట్టీ గుండె ఎడమ గది కండరం మందమెక్కుతుంది. ఇదంతా నొప్పి లేకుండానే జరిగిపోతుంది. అందుకే ఎవరైనా "ఊరికే టెన్షన్ పడకు" అని తేలిగ్గా అనేస్తే నాకు కోపం వస్తుంది. ఊరికే కాదు, లోపల గోడలు పాడవుతున్నాయి.

ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో 2003-04 ప్రాంతంలో ఏడాదిపాటు జరిగిన మరణాలకు కారణాలు ఆరా తీశారు. దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులవే. అవన్నీ ఒత్తిడి వల్లేనని నేను అనను. పొగాకు ఉంది, ఉప్పు ఉంది, షుగరు ఉంది. కానీ గట్టు మీద రాత్రంతా మేలుకున్నవాడే కదా ఇంకో సిగరెట్టు వెలిగించేది, అన్నం వేళ తప్పించేది!

బీపీ మాత్ర మొదలుపెట్టాను. ఈ పంటకు ఎకరాకు వేసే రొయ్య పిల్లల సంఖ్య తగ్గించాను. రొయ్యలు పలచగా ఉంటే ఏరేటర్లు ఆగినా కొంత వ్యవధి దొరుకుతుంది. రాబడి తగ్గుతుందని తెలిసే చేశాను. కరెంటు పోతే ఫోను మోగే ఏర్పాటు పెట్టించాను. వారంలో నాలుగు రాత్రులు కాపలా వేరే మనిషిది. మొదటి వారం ఇంట్లోనూ మూడింటికే లేచి కూర్చున్నాను. "ఏమండీ, ఫోను మోగలేదు, పడుకోండి" అని మా ఆవిడ చెప్పాల్సి వచ్చేది.

మా తమ్ముడి చెరువు నాదాని పక్కనే. నలభై నాలుగేళ్లు. "నాకేమైంది అన్నయ్యా, బాగానే ఉన్నాను కదా" అంటాడు. తెల్లవారుజామున వాడి టార్చిలైటు నీళ్ల మీద తిరగడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను. బుధవారానికి యంత్రం అడిగి పెట్టాను. ఆ రాత్రి ఇంటికి వెళ్లవద్దని, ఎప్పటిలాగే గట్టు మీదే పడుకోమని వాడికి చెప్పాను.