3.8 సెంటీమీటర్లు

నా కుడి కాలు ఎడమ కాలికంటే 4.2 సెంటీమీటర్లు పొట్టి అన్న లెక్క 29వ ఏట గానీ నాకు తెలియలేదు. అంతవరకు మా ఇంట్లో ఆ తేడాకు వాడుకలో ఉన్న కొలతలు వేరు. అమ్మ నా లంగాకు కుడివైపు రెండు వేళ్ల మందాన ఎక్కువ మడత వేసి కుట్టించేది. తెనాలిలో మా వీధి మొదట్లో చెప్పులు కుట్టే పెద్దాయన నా కుడి చెప్పు కింద పాత టైరు రబ్బరు రెండు పొరలు అంటించి, అంచులు చెక్కి, దూరం నుంచి చూస్తే రెండూ ఒకలాగే కనిపించేటట్టు నల్లరంగు పూసి ఇచ్చేవాడు.

నాకు ఏడేళ్లప్పుడు జామచెట్టు మీద నుంచి పడ్డాను. మోకాలికి కాస్త కింద ఎముక విరిగింది, కట్టు కట్టారు, అతుక్కుంది. విరిగిన చోటికి ఆనుకునే ఎముక పెరిగే పొర, అంటే డాక్టర్లు గ్రోత్ ప్లేట్ అనేది, ఆ దెబ్బకు మూసుకుపోయిందన్న సంగతి అప్పట్లో ఎవరికీ తట్టలేదు. మోకాలి కింది ఎముక పైకొసన ఉండే ఆ పొర ఏడాదికి సుమారు 6 మిల్లీమీటర్ల పొడవు పెంచుతుంది. ఆడపిల్లల ఎదుగుదల దాదాపు 14 ఏళ్లకు ఆగిపోతుంది. ఏడేళ్లు, ఏడాదికి 6 మిల్లీమీటర్లు, మొత్తం 42. బళ్లో లెక్కలు చెప్పి బతికే నేను నా ఒంట్లో జరిగిన ఈ గుణకారాన్ని ఇరవై రెండేళ్ల తరువాత ఒక డాక్టరు కాగితం మీద వేసి చూపిస్తే తెలుసుకున్నాను.

నేను ఆపరేషన్‌కు సిద్ధపడింది నడక అందం కోసం కాదు. రోజుకు ఐదారు పీరియడ్లు బోర్డు ముందు నిలబడితే సాయంత్రానికి నడుము పట్టేసేది. తుంటి ఒకవైపుకు ఒరగడం వల్ల వెన్నెముక ఆ ఒంపును సరిదిద్దుకోవడానికి రెండోవైపుకు వంగి నిలుస్తోందని ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించింది. ఈ మాట మా బంధువులకు అర్థం చేయించడం మాత్రం నా వల్ల కాలేదు. “పెళ్లయిపోయిందిగా, ఇంకెందుకమ్మా ఈ కోతలు?” అని మా పెద్దత్త అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. కాలు సరిచేయించుకోవడానికి పెళ్లిచూపులకు మించిన కారణం ఆవిడకు కనిపించలేదు.

విజయవాడలో మేం వెళ్లిన ఆసుపత్రిలో ముందు నన్ను నిలబెట్టి, నా కుడి పాదం కింద ఒక్కొక్క చెక్కబిళ్ల చేరుస్తూ తుంటి రెండువైపులా సమంగా వచ్చేదాకా చూశారు. తరువాత తుంటి నుంచి చీలమండ దాకా ఒకే ఫిల్ములో ఎక్స్‌రే తీశారు. తేడా రెండు సెంటీమీటర్ల లోపు ఉంటే చెప్పు ఎత్తు పెంచుకుంటే చాలునని, నాలాంటి తేడా చిన్నతనంలోనే బయటపడి ఉంటే పొడుగు కాలి ఎదుగుదలను తగిన వయసులో ఆపి సరిచేసేవారమని, ఇప్పుడు మిగిలింది పొట్టి కాలిని సాగదీయడమేనని చెప్పారు. ఎముక లోపల కడ్డీ అమర్చి, బయటి నుంచి అయస్కాంతంతో దాన్ని సాగదీసే పద్ధతి కూడా ఉందన్నారు కానీ దాని ఖర్చు విన్నాక మేం రెండో ప్రశ్న వేయలేదు. మాకు కుదిరింది ఇలిజరోవ్ పద్ధతి, అంటే కాలి చుట్టూ ఉక్కు రింగులు.

ఆపరేషన్ జనవరి 8న జరిగింది. నడుములో మత్తు ఇచ్చి, మోకాలి కింద ఎముకను చిన్న గాటులోంచి అడ్డంగా కోసి, పక్కనున్న సన్నని ఎముకను కూడా కోసి, దారపు పోగుల్లా బిగుతుగా లాగిన సన్నని తీగలను ఎముకలోంచి ఇవతలికి అవతలికి దూర్చి రింగులకు కట్టారు. ఆ తీగల మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. స్పృహలోనే ఉన్నాను కనుక రెంచి బిగిస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది; మా వీధిలో సైకిలు రిపేరు కొట్టు గుర్తుకొచ్చింది. రెండో రోజున వాకర్ పట్టించి నడిపించారు. ఎముక తెగి ఉన్న కాలి మీద బరువు మోపమనడం నాకు పిచ్చితనంగా తోచింది గానీ, బరువు రింగుల గుండా దిగుతుందని, అలా మోపితేనే కొత్త ఎముక గట్టిపడుతుందని వివరించారు.

ఏడు రోజులు దాన్ని కదిలించలేదు. కోసిన చోట గాయం మానే పని మొదలుకావడానికి ఆ వ్యవధి అవసరమట. జనవరి 15 పొద్దున ఒక నర్సమ్మ నా చేతికి 10 మిల్లీమీటర్ల స్పానర్ ఇచ్చి, రింగుల మధ్య ఉన్న నాలుగు మర కడ్డీల మీది నట్లను పావు చుట్టు చొప్పున తిప్పడం నేర్పింది. ఆ మర ఎంత కచ్చితమైనదంటే ఒక పూర్తి చుట్టుకు కడ్డీ సరిగ్గా 1 మిల్లీమీటరు జరుగుతుంది. పొద్దున 6, మధ్యాహ్నం 12, సాయంత్రం 6, రాత్రి 10 గంటలకు పావు చుట్టు చొప్పున తిప్పితే రోజుకు ఒక మిల్లీమీటరు. అంతకంటే నెమ్మదిగా లాగితే ఎముక ముందే అతుక్కుని ఇక సాగదు, తొందరపడితే మధ్యలో ఎముకే పుట్టదు. ఎటు తిప్పానో మరిచిపోకుండా ఉండటానికి ప్రతి నట్టుకూ ఒక ముఖం మీద ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టుకున్నాను. మా ఆయన ఒక పాత నోటుపుస్తకంలో గడులు గీసి ఇచ్చారు. తిప్పిన ప్రతిసారీ టిక్కు పెట్టేదాన్ని. ఆపరేషన్ డాక్టర్లు చేశారు, కానీ ఆ 41 రోజులు కాలిని పొడిగించింది నేనే. ఈ మాట గర్వంతో అనడం లేదు. రాత్రి పది గంటలప్పుడు ఆ స్పానర్ చేతిలోకి తీసుకోవడానికి నాకు చాలాసార్లు ధైర్యం చాలేది కాదు.

నిద్ర పట్టని రాత్రుల్లో ఈ పద్ధతిని కనిపెట్టిన మనిషి గురించి చదివాను. గవ్రీల్ ఇలిజరోవ్ సైబీరియాలోని కుర్గాన్ పట్టణంలో పనిచేసిన సోవియట్ వైద్యుడు. యుద్ధంలో గాయపడి ఎముకలు అతుకు పడనివారి కోసం 1950ల తొలినాళ్లలో ఈ రింగులు తయారు చేశాడు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో హైజంప్ బంగారు పతకం గెలిచిన వలేరీ బ్రూమెల్ మరుసటి ఏడు మోటారుసైకిలు ప్రమాదంలో కాలు నుజ్జు చేసుకుని, ఎన్నో ఆపరేషన్ల తరువాత ఈయన దగ్గరికే చేరి నడిచాడు, మళ్లీ దూకాడు. పశ్చిమ దేశాలకు మాత్రం ఈ విద్య 1980 తరువాత, కార్లో మౌరీ అనే ఇటలీ పర్వతారోహకుడు తన పాత కాలిగాయంతో కుర్గాన్ వెళ్లి నయం చేయించుకుని వచ్చాక గానీ తెలియలేదు. నా కాలి చుట్టూ ఉన్న రింగులు, తీగలు చూసి మా వీధి పిల్లలు సైకిలు చక్రాల ఊచలు అనేవారు, ఆ పోలిక తప్పేమీ కాదు.

ఎముక నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. నన్ను ఏడిపించింది పిక్క. నేను ఈ టపా రాయడానికి అసలు కారణం కూడా అదే, ఎందుకంటే ఆపరేషన్‌కు ముందు నేను అడిగిన ప్రశ్నలన్నీ ఎముక గురించే. కోసిన చోట రోజుకు ఒక మిల్లీమీటరు సందు ఏర్పడుతుంటే ఆ సందులో ఎముక పుడుతుంది, కానీ ఆ ఎముకను ఆనుకుని ఉన్న కండరం, నరం, రక్తనాళం, చర్మం కూడా అదే వేగంతో పెరగాలి. వాటికి ఆ తొందర లేదు. పిక్క కండరం సాగనని మొండికేస్తే మడమను పైకి లాగుతుంది, పాదం కిందికి వాలిపోతుంది. దీన్ని ఆపడానికి అరికాలి కింద ఒక పలక పెట్టి రింగుకు కట్టి, రోజుకు నాలుగుసార్లు తువ్వాలుతో పాదాన్ని నా వైపుకు లాక్కోమని ఫిజియోథెరపిస్టు చెప్పింది. మొదటి రెండు వారాలు శ్రద్ధగా చేశాను. తరువాత నొప్పి ఎక్కువై, రాత్రి పూట పలక విప్పేసి పడుకునేదాన్ని, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తప్పు పూర్తిగా నాదే.

ఇరవయ్యో రోజున పాదం పైభాగంలో తిమ్మిరి మొదలైంది. బొటనవేలు పైకెత్తబోతే బరువుగా ఉంది. మరునాడే విజయవాడ తీసుకువెళ్లారు. నరం లాగబడుతోందని గ్రహించి వేగాన్ని రోజుకు మూడు పావులకు, అంటే 0.75 మిల్లీమీటర్లకు తగ్గించారు. పన్నెండు రోజులు అలా తిప్పాక తిమ్మిరి తగ్గింది, మళ్లీ ఒక మిల్లీమీటరుకు వచ్చాం. లక్ష్యం 40 మిల్లీమీటర్లు. ఫిబ్రవరి 24 నాటికి 38 వచ్చింది. ఆ రోజు పాదాన్ని చేత్తో నెట్టినా నిటారుకు రావడం లేదని చూసి డాక్టరు ఇక చాలు అన్నారు. ఆ రెండు మిల్లీమీటర్ల కోసం నేను వాదించాను. “తేడా లేని కాళ్లు ఎవరికీ ఉండవమ్మా, నాకూ నాలుగైదు మిల్లీమీటర్లు తేడా ఉండే ఉంటుంది” అని ఆయన నవ్వారు. మిగిలిన 4 మిల్లీమీటర్లకు చెప్పులో ఒక అట్ట చాలు.

తీగలు చర్మంలోకి దిగే చోట్లను ఉడికించి చల్లార్చిన నీళ్లతో, ఆసుపత్రి వారిచ్చిన మందుతో తుడిచి, గాజుగుడ్డ చుట్టాలి. ఇంటికి వచ్చిన ప్రతి వారూ పసుపు పెట్టమని సలహా ఇచ్చారు, అమ్మ గుమ్మం దగ్గరే నిలబడి అందరికీ అడ్డం చెప్పింది. మార్చిలో పిక్క వైపు తీగ చుట్టూ ఎర్రబడి చీము కారింది, వారం రోజుల మాత్రలతో తగ్గింది. నొప్పి మాత్రల్లో కొన్ని ఎముక పుట్టడాన్ని మందగింపజేస్తాయి కనుక ఇంట్లో ఉన్నదేదో వేసుకోకూడదని ముందే కచ్చితంగా చెప్పారు. బట్టల విషయంలో లంగాలే నన్ను కాపాడాయి, సల్వారు ఏదీ ఆ రింగుల మీదికి ఎక్కేది కాదు.

తరువాత నాలుగున్నర నెలలు ఎదురుచూడటమే. మొదట ఎక్స్‌రేలో సందు ఖాళీగా నల్లగా కనిపించేది, తరువాత మబ్బు తునకలాంటి పొర, ఆ తరువాత నిలువు గీతలు. సాగదీయడానికి పట్టిన కాలం కంటే గట్టిపడటానికి పట్టే కాలం రెండింతలకు పైనే ఉంటుంది. ఎండాకాలం, ఇనుము వేడెక్కేది, దోమతెరలో రింగులు చిక్కుకునేవి. రెండు ఎక్స్‌రేల్లో, ముందు నుంచీ పక్క నుంచీ, నాలుగు అంచుల్లో మూడు గట్టిపడ్డాక జులై 10న తీసేశారు. కాలు సన్నగా, వేరే ఎవరిదో అన్నట్టు ఉంది. ఇంకో ఐదు వారాలు పట్టీ వేశారు.

నడక తిరిగి నేర్చుకోవడం గురించి నన్ను ఎవరూ హెచ్చరించలేదు, లేదా హెచ్చరించినా నేను వినలేదు. పట్టీ తీశాక నిలబడితే కుడి కాలే పొడుగైపోయినట్టు అనిపించింది. గోడకు ఆనించి టేపు పెట్టి కొలిపించాను, లేదు, ఎడమ కాలే 4 మిల్లీమీటర్లు ఎక్కువ. కానీ ఇరవై రెండేళ్లు కుడివైపుకు ఒరిగి నడిచిన నా నడుముకు ఆ టేపు మీద నమ్మకం లేదు. అడుగు వేసేటప్పుడు అలవాటుగా కుడి మునివేళ్ల మీదకు లేచేదాన్ని, ఇప్పుడు ఆ అవసరం లేదు కాబట్టి మనిషిని ఒక్కసారిగా పైకెగిరినట్టు కనిపించేదాన్ని. మా ఆయన అల్మారా అద్దాన్ని వరండా చివరకు జరిపారు. అద్దంలోకి చూస్తూ, మడమ ముందు ఆనించి, వేళ్లు తరువాత, అని గొణుక్కుంటూ రోజూ ఇరవై సార్లు అటూ ఇటూ నడిచాను. అక్టోబరు దాకా చంకకర్ర వదలలేదు. సాయంత్రానికి పట్టేసే నడుము నొప్పి మాత్రం ఆ నెలలో బళ్లోకి తిరిగి వెళ్లినప్పుడు రాలేదు.

చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి పాత జోడు పట్టుకెళ్లి కుడి చెప్పు కింది రబ్బరు తీసేయమన్నాను. ఆయన కత్తితో రెండు పొరలూ ఊడదీసి, అట్ట ముక్క ఒకటి లోపల అంటించి, నన్ను రోడ్డు మీద నాలుగడుగులు నడవమని, మళ్లీ వెనక్కి రమ్మని చూశారు. “ఇంకా కొంచెం ఎగరేస్తన్నావమ్మా” అన్నారు. నిజమే, ఇప్పటికీ అలసిపోతే ఎగరేస్తాను. ముగ్గు వేయడానికి గొంతుక్కూర్చుంటే కుడి మడమ నేలకు పూర్తిగా ఆనదు, బొటనవేలంత సందు ఉంటుంది. అందుకే పొద్దున కాఫీ కాగేలోగా గోడకు రెండు చేతులూ ఆనించి, కుడి కాలు వెనక్కి పెట్టి, మడమను నేలకు నొక్కి యాభై లెక్కపెడతాను.