గుండెలో లోహపు వాల్వు, నోట్లో పుచ్చిన పన్ను: నా అనుభవం

చిన్నతనంలో వచ్చిన రుమాటిక్ జ్వరం నా గుండె వాల్వును పాడుచేసింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి లోహపు వాల్వు అమర్చారు. మేముండేది ఒడిశాలోని రాయగడలో. ఈమధ్య దవడ పన్ను పుచ్చిపోయి, తీయక తప్పదని ఇక్కడి దంతవైద్యుడు తేల్చారు.

పన్ను తీసేటప్పుడు నోట్లోని సూక్ష్మజీవులు రక్తంలో కలుస్తాయి. ఆరోగ్యవంతుల్లో శరీరమే వాటిని వదిలించుకుంటుంది. కృత్రిమ వాల్వు మీద చేరితే మాత్రం ఎండోకార్డైటిస్, అంటే గుండె లోపలి పొరకు, వాల్వులకు ఇన్ఫెక్షన్ వచ్చి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే నోరు తెరవకముందే ఆపరేషన్ కాగితాలు ఆయన చేతికిచ్చాను.

ఒడియా, తెలుగు కలిపి ఓపిగ్గా అన్నీ అడిగారు. పని మొదలుపెట్టే అరగంట నుంచి గంట ముందు, ఒకే మోతాదుగా 2 గ్రాముల అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ రాయబోయారు. చాలామందికి ఇచ్చేది అదే. అయితే రుమాటిక్ జ్వరం మళ్లీ రాకుండా నేను మూడు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించుకుంటున్నానని చెప్పగానే కలం ఆపేశారు. పెన్సిలిన్‌కు అలవాటుపడిన సూక్ష్మజీవులకు అదే కోవకు చెందిన అమాక్సిసిలిన్ పనిచేయకపోవచ్చు. నా ఎదుటే విశాఖలోని గుండె వైద్యుడికి ఫోను చేసి, అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాములకు మార్చారు. అడిగి తెలుసుకోవడానికి వెనకాడని ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది.

ఇక రక్తం గడ్డకట్టకుండా వేసుకునే అసిట్రోమ్. "రక్తం ఆగదమ్మా, రెండు రోజులు మానెయ్యి" అని మా అత్తయ్య బతిమాలింది. వాల్వు మీద గడ్డకడితే పక్షవాతమే రావచ్చు కదా, ససేమిరా అన్నాను. రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష ముందురోజు చేయిస్తే, అంకె హద్దులోనే ఉంది. మాత్ర ఆపకుండానే పన్ను తీసి, కుట్టు వేసి, మడత పెట్టిన గాజుగుడ్డ కొరికి పట్టుకోమన్నారు. కాసేపు ఉప్పగా రక్తం ఊరింది, తర్వాత ఆగింది.

మోకాలి చిప్ప మార్పించుకున్న పక్కింటి పిన్నిగారు పన్ను పనికి ముందు వేసుకునే ఆ యాంటీబయాటిక్ తనకూ కావాలన్నారు. అలాంటివారికి సాధారణంగా అక్కర్లేదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లోనే ఈ ముందస్తు మందును ముప్పు బాగా ఎక్కువున్న గుండె రోగులకు పరిమితం చేసింది: కృత్రిమ వాల్వు ఉన్నవారు, లోగడ ఎండోకార్డైటిస్ వచ్చినవారు, పుట్టుకతో కొన్ని రకాల గుండె లోపాలున్నవారు, ఇలా. అవసరం లేనివారు మింగితే విరేచనాలు, అలర్జీ వంటి ఇబ్బందులే మిగులుతాయి.

తర్వాతి వారాల్లో కారణం తెలియని జ్వరం వస్తే దుకాణంలో యాంటీబయాటిక్ కొని వేసుకోవద్దని, ముందు బ్లడ్ కల్చర్‌కు (రక్తంలో సూక్ష్మజీవులున్నాయేమో చూసే పరీక్షకు) రక్తం ఇవ్వమని గుండె వైద్యుడు గట్టిగా చెప్పారు. ముందే మందు పడితే పరీక్షలో సూక్ష్మజీవి దొరక్కపోవచ్చు, సరైన మందు ఎంచడం కష్టమవుతుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను.