కోబులేతిలో చూడాల్సింది సముద్రం కాదు

మా అమ్మాయి జార్జియా దేశంలో, బతూమిలో ఎంబీబీఎస్ చదువుతోంది. విజయవాడ, గుంటూరుల నుంచి అక్కడికి వెళ్లిన పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లను చూడ్డానికి బయల్దేరే తల్లిదండ్రులు నాకు ఫోన్ చేసి, "మేడం, బతూమి దగ్గర్లో చూడ్డానికి ఏమున్నాయి?" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాసి పెడితే నయమనిపించింది. నా జవాబు ఒక్కటే: కోబులేతి వెళ్లండి. సముద్రం కాసేపు చూడండి, ఆ తర్వాత ఊరి వెనకవైపు నడవండి.

బతూమి నుంచి తీరం వెంట ఉత్తరంగా పాతిక, ముప్పై కిలోమీటర్లు పోతే కోబులేతి వస్తుంది. మినీబస్సులు ఉంటాయి, రైలూ ఉంది. బతూమికి రైలు మార్గం వేసింది 1883లో. కాస్పియన్ తీరంలోని బాకూ నుంచి వచ్చే కిరోసిన్ ఓడలకు ఎక్కించడానికి వేసిన ఆ లైను ఈ తీరం మీదుగానే వెళ్తుంది. అక్కడ మున్సిపాలిటీ అంటే ఊరొక్కటే కాదు. చుట్టూ పల్లెలు, తేయాకు గుట్టలు, వెనకున్న కొండ అడవులు అన్నీ కలిపి ఏడు వందల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 2014 జనాభా లెక్కల్లో మున్సిపాలిటీ మొత్తానికి 75 వేలకు కాస్త తక్కువ, అందులో కోబులేతి ఊళ్లో ఉండేవాళ్లు 16 వేల పైన. అజారా అనే స్వయంప్రతిపత్తి ప్రాంతంలో ఇది ఉత్తరపు కొస. చోలోకి అనే చిన్న నది దాటితే గూరియా అనే పక్క ప్రాంతం వస్తుంది.

బీచ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. మన సూర్యలంక లాగా ఇసుక ఉండదు, అన్నీ గులకరాళ్లే. చెప్పులు లేకుండా నడవడం కష్టం. వేసవిలో జనం బాగా ఉంటారు, హోటళ్లు కిటకిటలాడతాయి. మా వారికి మాత్రం అక్కడే బాగుంది, బెంచీ మీద కూర్చుని కదల్లేదు.

అసలు విషయం వాన. ఈ ప్రాంతం మొత్తాన్ని తయారుచేసింది వానే. పడమటి గాలి నల్ల సముద్రం మీది తేమంతా మోసుకొస్తుంది. తీరం దాటీ దాటగానే కొండలు అడ్డం పడతాయి. గాలి పైకి లేచి, చల్లబడి, ఆ తేమనంతా అక్కడే కుమ్మరిస్తుంది. ఉత్తరాన ఉన్న కాకసస్ పర్వతాలు రష్యా వైపు నుంచి వచ్చే చలిగాలిని ఆపేస్తాయి కాబట్టి తీరంలో చలికాలం కూడా మరీ ఘోరంగా ఉండదు. మనకు విజయవాడలో ఏడాది మొత్తం మీద వెయ్యి మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. కోబులేతి తీరంలో దానికి రెట్టింపు పైనే. వెనకున్న మ్తిరాలా కొండ మీద 4,500 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మనకులాగా నాలుగు నెలల్లో పడి మిగతా ఏడాదంతా ఎండగాయదు. అక్కడ ప్రతి నెలా వాన ఉంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి, మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

నేను జూనియర్ కాలేజీలో బైపీసీ పిల్లలకు బోటనీ చెబుతాను. బ్రయోఫైటా పాఠంలో స్ఫాగ్నం అనే నాచు వస్తుంది. దాని నుంచి పీట్ (పూర్తిగా కుళ్లకుండా పొరలుగా పేరుకున్న మొక్కల పదార్థం) ఏర్పడుతుందని, నీటిని బాగా పట్టి ఉంచుతుంది కాబట్టి మొక్కలు దూరప్రాంతాలకు పంపేటప్పుడు చుట్టూ పెడతారని ఒక వాక్యం ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ వాక్యం చెబుతూనే ఉన్నాను, మార్కులు వేస్తూనే ఉన్నాను. మొక్కను మాత్రం సీసాలో, ఫార్మలిన్‌లో తప్ప చూసింది లేదు. కోబులేతి ఊరి వెనక ఇస్పానీ అనే చిత్తడి నేల ఉందని, అది మొత్తం స్ఫాగ్నమేనని చదివాక, ఇక నన్ను ఆపేవాళ్లు లేకపోయారు.

ఇస్పానీలో రెండు భాగాలున్నాయి. రెండోది గట్టి రక్షణలో ఉన్న ప్రకృతి రిజర్వ్. లోపలికి చెక్క పలకలతో దారి వేశారు. నాచు మీదకు దిగాలంటే కాళ్లు కూరుకుపోకుండా వెడల్పాటి పలకల్లాంటివి కట్టుకోవాలి. మాతో వచ్చిన గైడ్ అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం అయినట్టు లేదు, పలకల అంచున మోకాళ్ల మీద కూర్చుని గుప్పెడు నాచు పైకి తీసి పిండింది. మణికట్టు మీదుగా నీళ్లు ధారగా కారాయి. టీ డికాక్షన్ రంగు నీళ్లు. నాచు మళ్లీ తీసిన చోటే జాగ్రత్తగా పెట్టి, వేళ్లతో అదిమింది. "అమ్మా, నువ్వు పాఠం చెప్పేది ఇదేనా?" అంది మా అమ్మాయి. నాకు వెంటనే మాట రాలేదు.

స్ఫాగ్నం ఆకులో సన్నటి పచ్చ కణాలు, వాటి మధ్య పెద్ద పెద్ద చచ్చిన కణాలు ఉంటాయి. ఆ చచ్చిన కణాలకు గోడల్లో రంధ్రాలు. అవే నీళ్ల గదులు. ఎండితే వాటిలోకి గాలి చేరి నాచు తెల్లగా పాలిపోతుంది. పొడి బరువుకు ఇరవై రెట్ల దాకా నీళ్లు పట్టగలదు. పైగా చుట్టూ ఉన్న నీటిని ఆమ్లంగా మార్చేస్తుంది, అందుకని అడుగున పడ్డ నాచు కుళ్లదు. ఏడాదికి మిల్లీమీటర్ల లెక్కన పేరుకుంటూ, వేల ఏళ్లలో మీటర్ల మందం పీట్ అవుతుంది.

స్ఫాగ్నం నేలలు యూరప్‌లో ఇంకా ఉత్తరాన బోలెడున్నాయి. ఇస్పానీకి ఇంత పేరు ఎందుకంటే, మిగతా చోట్ల వాన నీటితో బతికే బాగ్‌లలో, అంటే పీట్ పేరుకున్న చిత్తడి నేలల్లో, ఎండాకాలం పైపొర కాస్త ఆరి, కొంత కుళ్లి, పీట్ గట్టిపడుతుంది. ఇక నీళ్లు లోపలికి ఇంకవు, పైపైనే పారతాయి. ఇక్కడ ఆరే నెలంటూ లేదు కదా. నాచు కుళ్లదు, పీట్ గుల్లగా ఉండిపోతుంది. వాన నీళ్లు ఆ మందమంతటిలోంచీ నెమ్మదిగా వడకడుతూ బయటికి పోతాయి. నీరు పెరిగితే నేల ఉబ్బుతుంది, తగ్గితే దిగుతుంది. దీన్ని పర్కొలేషన్ బాగ్ అంటారు. కేవలం వాన నీటితో బతికే ఇలాంటి బాగ్‌ను శాస్త్రవేత్తలు ప్రపంచంలో మొదట గుర్తించింది ఇస్పానీలోనే. నడుస్తుంటే తడి పరుపు మీద అడుగులేస్తున్నట్టుంటుంది. మధ్యలో ఎత్తుగా, అంచుల వైపు వాలుగా ఉంటుంది గానీ కంటికి ఆ తేడా తెలియదు.

నాచు మధ్యలో ఎర్రగా చుక్కలు కనిపించాయి. వంగి చూస్తే డ్రోసెరా, పురుగుల్ని తినే మొక్క! గుండ్రటి ఆకులు, ఒక్కోటి చిటికెన వేలి గోరంత. అంచుల నిండా ఎర్రటి కేశాలు, ప్రతి కేశం కొసన జిగురు బొట్టు. ఒక ఆకుకు చిన్న దోమ అతుక్కుని ఉంది, రెక్క ఒకటి ఇంకా కదులుతోంది. చుట్టుపక్కల కేశాలు అప్పటికే దాని వైపు వంగాయి. ఆ నీళ్లలో నత్రజని దాదాపు ఉండదు కాబట్టి మొక్క పురుగుల నుంచి తీసుకుంటుంది. మా అమ్మాయి ఫోన్‌లో వీడియో తీసింది, ఈ ఏడాది నా క్లాసులో అందరూ చూశారు.

ఇస్పానీ మొదటి భాగం గతి వేరు. అక్కడ కాలువలు తవ్వి నీళ్లు తీసేశారు, పీట్ తవ్వుకున్నారు. సోవియట్ కాలంలో ఈ తీరంలోని కొల్ఖేతి మైదానమంతటా చిత్తడి నేలల్ని ఎండబెట్టి తోటలు వేయడం పెద్ద పథకంగా నడిచింది. నీరు దిగిన పీట్‌కు గాలి తగులుతుంది. వేల ఏళ్లు కుళ్లకుండా ఉన్నది కుళ్లడం మొదలవుతుంది, కుంగిపోతుంది, లోపలి కార్బన్ గాల్లో కలుస్తుంది. రెండు భాగాలూ ఒకే ఊరి వెనక పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి బతికింది, ఒకటి దెబ్బతింది.

మా పుట్టిల్లు కైకలూరు దగ్గర. కొల్లేరు చూస్తూ పెరిగినదాన్ని. చేపల చెరువుల గట్లు ఒకదాని వెనక ఒకటి లేవడం కళ్లారా చూశాను. 1999లో అభయారణ్యమన్నారు, 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరింది, 2006లో చెరువులు కొట్టేశారు, ఆ తర్వాత మళ్లీ గట్లు లేచాయి. ఆ చెరువుల మీదే బతికే మా బంధువులున్నారు కాబట్టి ఇది తేలిక విషయమని నేను అనను. కానీ 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి మా సింగ్‌నగర్ వైపు అంతా మునిగినప్పుడు, నా పుస్తకాల బీరువా కింది అరలన్నీ బురదయ్యాయి. ఆ బుడమేరు వెళ్లి కలిసేది కొల్లేరులోనే. దారిలోనూ, చివర్లోనూ నీటికి నిలబడే చోటు ఉండాలి. చిత్తడి నేల ఖాళీ స్థలం కాదు, అది నీటి ఇల్లు. దాన్ని పనికిరాని భూమి అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

కొండ అడవి గురించి కూడా చెప్పాలి. కింట్రిషి, మ్తిరాలా అడవులూ, ఇస్పానీ కలిసి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వెళ్లాయి. కొల్కిస్ (ఈ ప్రాంతపు పాత పేరు) వాన అడవులు, చిత్తడి నేలలు అనే ఆ జాబితాలో మొత్తం ఏడు ముక్కలుంటే, అందులో రెండు ఈ చుట్టుపక్కలే. మంచు యుగంలో యూరప్ గడ్డకట్టినప్పుడు వెచ్చని, తడి వాతావరణం కావాల్సిన మొక్కలు ఇక్కడ తలదాచుకున్నాయి. పాంటిక్ ఓక్, మెద్వెదేవ్ బిర్చ్, ఉంగర్న్ రోడోడెండ్రాన్ లాంటివి ఇక్కడా, పక్కనే టర్కీ కొండల్లోనూ తప్ప సహజంగా ఎక్కడా పెరగవు. మేము చాక్విస్తవి పల్లె మీదుగా మ్తిరాలాలోకి వెళ్లాం. వాగు పక్క దారిలో పచ్చదనం ఎంత దట్టంగా ఉందంటే, మిట్ట మధ్యాహ్నం కూడా నీడే. ఆ నీడలోనే ఎండి నిలబడ్డ బాక్స్ చెట్లు కనిపించాయి. తూర్పు ఆసియా నుంచి అలంకరణ మొక్కలతో పాటు వచ్చిన ఒక చిమ్మట గొంగళిపురుగులు ఆకులన్నీ తినేశాయి. నాచు పట్టిన ఆ బోడి కొమ్మలు చూస్తే కడుపు తరుక్కుపోయింది.

చరిత్ర ఇష్టమైనవాళ్లు కోబులేతికి, చాక్వికి మధ్య త్సిఖిస్‌జిరిలో ఆగండి. సముద్రం మీదికి తోసుకొచ్చిన గుట్ట మీద పెట్రా కోట శిథిలాలున్నాయి. జస్టీనియన్ చక్రవర్తి కాలంలో, 535లో, రోమన్లు దాన్ని బలపరిచారు. అక్కడి రోమన్ అధికారి వ్యాపారమంతా గుత్తకు తీసుకుని స్థానిక లాజికా జనాన్ని పీడించాడు. వాళ్ల రాజు విసిగిపోయి పారశీకుల్ని పిలిచాడు. 541లో పారశీక చక్రవర్తి ఖుస్రో వచ్చి కోట పట్టుకున్నాడు. తిరిగి తీసుకోవడానికి రోమన్లకు పదేళ్లు పట్టింది. ముట్టడిలో బయటి నుంచి నీరొచ్చే గొట్టాన్ని పగలగొట్టారు, అయినా లోపలివాళ్లకు నీళ్లు ఆగలేదు. తవ్వి చూస్తే దాని కింద ఇంకో గొట్టం. అదీ కోసేశారు. 551లో, డెబ్భై దాటిన బెస్సాస్ అనే సేనాని కోట గెలిచాకే తెలిసింది, ఆ రెండింటి కింద మూడోది కూడా ఉందని. ఈ సంగతి ఆ కాలపు చరిత్రకారుడు ప్రొకోపియస్ రాసి పెట్టాడు. కోట మళ్లీ ఎవరికీ ఉపయోగపడకూడదని గెలిచినవాళ్లే గోడలు కూల్చేశారు. ఆ గోడల మీద నిలబడి చూస్తే ఒకవైపు సముద్రం, ఇంకోవైపు రైలు పట్టాలు కనిపిస్తాయి.

దీనికంటే ముందు క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దంలోనే కోబులేతి దగ్గరి పిచ్వ్‌నారిలో కొల్కిస్ జనం, గ్రీకులు పక్కపక్కన బతికారు. రెండు జాతుల శ్మశానాలూ తవ్వకాల్లో బయటపడ్డాయి. ఆ తర్వాతి కాలంలో ముస్లింలైన ఒట్టోమన్ టర్కులు వచ్చారు. 1878లో అజారా రష్యా చేతికి పోయేదాకా చోలోకి నదే రెండు సామ్రాజ్యాల సరిహద్దు. అజారాలో మసీదులు, చర్చిలు రెండూ ఎందుకున్నాయని మా వారు అడిగారు, ఇదే కారణం.

టీ తాగేవాళ్లు చాక్వి చూడకుండా రాకండి. 1893లో లావ్ జన్‌జౌ అనే చైనా టీ నిపుణుడు పనివాళ్లతో వచ్చి ఇక్కడ తేయాకు పండించాడు. పొపోవ్ అనే రష్యా వ్యాపారి తోటల టీకి 1900లో పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. రంగు ఫొటోలు అప్పుడప్పుడే వస్తున్న ఆ రోజుల్లో ప్రొకూదిన్-గోర్‌స్కీ అనే రష్యా ఫొటోగ్రాఫర్ తీసిన చాక్వి ఫొటోల్లో ఆ చైనా పెద్దమనిషి తన తేయాకు మొక్కల మధ్య నిలబడి కనిపిస్తాడు. సోవియట్ యూనియన్‌లో పండే తేయాకులో అత్యధిక భాగం జార్జియాదే. 1991 తర్వాత ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, తోటలు చాలావరకు అడవి పట్టాయి. రోడ్డు పక్కన కంచె చెట్లనుకుని చూసినవి దగ్గరికెళ్తే తేయాకు మొక్కలే, మనిషి ఎత్తుకు పెరిగిపోయి ఉన్నాయి. ఇప్పుడు కొందరు వాటిని మళ్లీ బాగుచేసి చేత్తో కోసి అమ్ముతున్నారు. పాలు, పంచదార లేకుండా తాగాలి. మా వారు ఒప్పుకోలేదు గానీ నాకు నచ్చింది.

ఇక వెళ్లేవాళ్లకు. గొడుగు కాదు, వాన కోటు తీసుకెళ్లండి. శాకాహారులు లోబియో అడగండి, చిక్కుడు గింజలతో చేస్తారు, మొక్కజొన్న రొట్టెతో బాగుంటుంది. మాంసం లేకుండా కావాలని ముందే చెప్పాలి. మాండరిన్ కమలాలు కావాలంటే నవంబరులో వెళ్లాలి. సెప్టెంబరులో వెళ్తే ఒకసారి తలెత్తి చూడండి: కొండలకూ సముద్రానికీ మధ్యనున్న ఇరుకు దారిలో దక్షిణానికి పోయే డేగలు, గద్దలు ఏటా శరదృతువులో పది లక్షలు దాటతాయి. ఇస్పానీలో మీకు మీరుగా పలకల దారి మీద నుంచి దిగకండి, మొక్కలు పీకకండి. ఎవరికైనా స్ఫాగ్నం మీద గుండ్రటి గోధుమరంగు గుళికలు (సిద్ధబీజాలుండే సంచులు) కనిపిస్తే దగ్గర్నుంచి ఫొటో తీసి పంపండి. నేను వెళ్లినప్పుడు అవి దొరకలేదు, పిల్లలకు చూపించాలి.