సోలో వాయించని ఆయన

పారిస్ మెట్రోలో నాలుగో లైను ఎక్కి ఉత్తరాన చివరి స్టేషన్‌లో దిగి, రింగ్ రోడ్డు వంతెన కింద ఫోన్ కవర్లు, బెల్టులు అమ్మేవాళ్ళని తప్పించుకుంటూ నడిస్తే సెంతువాన్‌లో పాత సామాన్ల సంత వస్తుంది. ఆ సంత వీధిలోనే లా షోప్ దె ప్యూస్ అనే బార్ ఉంది. బయటి నుంచి చూస్తే మామూలు కాఫీ హోటలే. లోపల గోడల నిండా గిటార్లు, గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ ఫోటోలు, శని ఆదివారాల్లో మధ్యాహ్నం పూట ఆయన పేరుతోనే గుర్తొచ్చే జిప్సీ జాజ్, అంటే గిటార్ల మీద నడిచే జాజ్. నేను ఈఫిల్ టవర్ దగ్గరికి ఇంతవరకు వెళ్ళలేదు గానీ ఇక్కడికి మాత్రం రెండు ఆదివారాలు వెళ్ళాను.

వెళ్ళింది నిజానికి స్పీడు చూద్దామని. జాంగో కథ తెలిసిందే కదా, 1928లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, తను ఉంటున్న బండి అంటుకుని ఎడమ చెయ్యి కాలిపోయింది, ఉంగరపు వేలు, చిటికెన వేలు బిగుసుకుపోయాయి, అయినా మిగిలిన రెండు వేళ్ళతో ఎవరూ ఊహించనంత వేగంగా సోలోలు వాయించాడు. ఆ కథ వింటూ పెరిగినవాళ్ళందరికీ సోలో గిటారిస్టు మీదే కన్ను ఉంటుంది. నాకూ అంతే.

కానీ ఆ చిన్న గదిలో నాకు చోటు దొరికింది రిథమ్ వాయించే పెద్దాయన మోకాలికి మూడడుగుల దూరంలో. ఇంకేం చేస్తాను, ఆయన చేతినే చూస్తూ కూర్చున్నాను.

ఈ సంగీతంలో మామూలుగా డ్రమ్స్ ఉండవు. ఆరోజు బేస్, అంటే లావు తీగల పెద్ద వాయిద్యం, అది కూడా లేదు, రెండు గిటార్లే. మృదంగం లేని కచేరీ అనుకోండి, తాళం బాధ్యత మొత్తం ఆ రెండో గిటార్ మీదే. దాన్ని లా పోంప్ అంటారు, అంటే పంపు, నీళ్ళు కొట్టే పంపే. నాలుగు దెబ్బల లెక్కలో ఒకటో దెబ్బ, మూడో దెబ్బ మెల్లగా, సన్న తీగల జోలికి పెద్దగా పోకుండా. రెండు, నాలుగు మాత్రం అన్ని తీగల మీదా గట్టిగా. ఆ గట్టి దెబ్బ పడీ పడగానే ఎడమచేతి వేళ్ళు తీగల్ని వదలకుండా కొంచెం లూజు చేస్తాయి, అంతే, మోత చప్పున ఆగిపోతుంది. "చక్". దగ్గర్నుంచి చూస్తే ఆ చెయ్యి ఊపిరి పీలుస్తున్నట్టే ఉంటుంది. ఒక పాట కాదు, రెండు గంటలు.

నేను మాత్రం మనకి అలవాటైనట్టు ఒకటో దెబ్బ మీద చప్పట్లు మొదలెట్టా. పక్క టేబుల్ ఆవిడ ఏమీ అనలేదు, నవ్వి తన వేలితో టేబుల్ మీద రెండు, నాలుగు చూపించింది. సిగ్గేసింది గానీ అప్పటి నుంచే పాట సరిగ్గా వినపడడం మొదలైంది.

1934లో మొదలైన జాంగో ఐదుగురి బృందం హాట్ క్లబ్ క్వింటెట్‌లో జాంగో, వయొలిన్ స్టెఫాన్ గ్రపెలీ, ఒక బేస్, వీళ్ళ వెనక ఏకంగా ఇద్దరు రిథమ్ గిటార్ వాళ్ళు. గ్రపెలీ సోలో వాయించేటప్పుడు రెండు గిటార్లు తోడుంటాయి, నా వంతు వచ్చేసరికి ఒక్కటేనా అని జాంగో అలిగితే తమ్ముడు జోసెఫ్‌ని తెచ్చి కూర్చోబెట్టారని అంటారు. ఆ ఇద్దరిలో ఎవరు ఏ పాటలో వాయించారో పట్టించుకునేవాళ్ళు ఎంతమంది? పేరున్న ఆల్బమ్‌ల అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది వాళ్ళ పేరు.

ఇంకో సంగతి. ఫ్రాన్స్‌లో దీన్ని మనూష్ జాజ్ అంటారు, ఆ మాటే నాకు నచ్చుతుంది. జిప్సీ అన్న పేరు, జాంగో పుట్టిన రోమా జాతివాళ్ళు ఈజిప్టు నుంచి వచ్చారనుకుని ఎవరో పొరపాటున అంటించింది, దాన్ని తిట్టుగా తీసుకునేవాళ్ళూ ఉన్నారు. వీళ్ళ పూర్వీకులు సుమారు వెయ్యేళ్ళ కిందట ఉత్తర భారతం వైపు నుంచి కదిలినవాళ్ళు. మనూష్ అంటే వాళ్ళ భాషలో మనిషి. మన మనిషీ ఆ మనూషూ ఒకే సంస్కృత కుదురువి. బీరు గ్లాసు పట్టుకుని ఇది గుర్తొచ్చి ఒక్కడినే నవ్వుకున్నా, చూసినవాళ్ళు ఏమనుకున్నారో.

పెద్ద హాల్లో ఈ పాటలు విన్నాను గానీ అక్కడ మైకులోంచి వచ్చేసరికి ఆ "చక్" మెత్తబడిపోతుంది. సెల్మర్ కంపెనీ 1932లో తెచ్చిన గిటార్ల నమూనాలోనే ఇప్పటికీ ఈ సంగీతానికి వాడే గిటార్లు తయారవుతున్నాయి, మైకు లేకుండా డాన్సు హాళ్ళలో వినపడడానికి కట్టిన పెట్టెలు కాబట్టి గొంతు కాస్త కటువుగానే ఉంటుంది. చిన్న గదిలో అది నేరుగా ఛాతీకి తగులుతుంది. కాఫీ మెషిన్ బుస్సుమంటున్నా సరే.

రెండో ఆదివారం చివర్లో సోలో కుర్రాడి తీగ తెగింది. పాట ఆగలేదు. కుర్రాడు అటూ ఇటూ చూస్తున్నాడు, వెనక టేబుల్ మీద ఎవరో తమ గిటార్ కేసు తెరుస్తున్నారు, ఈలోపు పెద్దాయన ఒక్కడే తల కూడా ఎత్తకుండా అదే పంపు కొడుతున్నాడు. అంతదాకా కబుర్లు చెప్పుకుంటున్న బల్లలన్నీ సద్దుమణిగాయి. చక్, చక్, ఇంకేం లేదు. కొత్త గిటార్ చేతులు మారుతూ ముందుకి వచ్చింది, కుర్రాడు ఒక తీగ సరిచేసుకుని సరిగ్గా పల్లవి మొదట్లో అందుకున్నాడు, అందరూ అతనికి చప్పట్లు కొట్టారు.

నేను మాత్రం ఈయనకి కొట్టాను. రెండు, నాలుగు మీదే.